నూనె కాదు

"మమ్మీ, దేదీప్య అక్క మనకి కజినా?"

పాన్‌కేక్ మీద సిరప్ పోసుకుంటూ నైనిక అడిగింది. స్టవ్ దగ్గరున్న రష్మి చేతిలో గరిటె పెనం మీదే ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"డాడీ. ఎవరైనా ఆస్క్ చేస్తే కజిన్ అని చెప్పాలి. మన కిచెన్‌లో వర్క్ చెయ్యదు, జస్ట్ విజిట్‌కి వస్తుంది, అలా చెప్పాలి." ఎనిమిదేళ్ల పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "బట్ దట్స్ ఎ లై కదా?"

రాజీవ్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. ఇడ్లీ ముక్కతో పళ్లెంలో మిగిలిన చట్నీని శుభ్రంగా ఊడ్చి నోట్లో పెట్టుకున్నాడు. ఆ తర్వాత వేలు నాక్కున్నాడు.

నిన్న సాయంత్రం గొడవైన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మధ్య మాటల్లేవు. మాట్లాడకూడదనే రష్మి కూడా అనుకుంది. కానీ ఇప్పుడు గరిటె పక్కన పెట్టి, స్టవ్ ఆర్పింది.

"నైనికా, నువ్వు పైకెళ్లి బట్టలు మార్చుకో తల్లీ. త్రివేణి ఆంటీ వాళ్లింటికి వెళ్దువుగాని."

పిల్ల మెట్లెక్కి వెళ్లేదాకా ఆగింది.

"దానికి కూడా నేర్పావా?"

"నేర్పడమేంటి? ప్రికాషన్." రాజీవ్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. కోపం వచ్చినా అతని గొంతు పెరగదు. పెళ్లయిన కొత్తలో ఆ నెమ్మది చూసే రష్మి మురిసిపోయేది. "స్కూల్లో ఎవరితోనైనా అనేసిందనుకో. పాపం ఆ అమ్మాయి కెరీర్ ఏం కావాలి? ఎఫ్‌వన్ స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్ల. బయట వర్క్ చేస్తోందని తెలిస్తే స్టేటస్ పోతుంది. సామాను సర్దుకుని ఫ్లైట్ ఎక్కాల్సిందే."

"ఆ సంగతి పనిలో పెట్టుకున్నప్పుడు తెలియదా?"

"తనే అడిగింది రష్మీ. బతిమాలింది. ఏదో మన పిల్ల కదా అని హెల్ప్ చేశాను."

"హెల్ప్ చేసినవాడివి అర్జెంట్ కేర్ క్లినిక్ గేటు దగ్గర దింపేసి వెళ్లిపోతావా?"

"బర్త్‌డే పార్టీకి బిర్యానీ ట్రేలు వెళ్లాలి. అక్కడ యాభై మంది వెయిట్ చేస్తున్నారు. అయినా కాస్త నూనె పడింది, అంతే. క్రీమ్ రాసి పంపించారు. నేను రాత్రి మెసేజ్ పెట్టాను కూడా. థంబ్స్ అప్ పెట్టింది."

ఏ చేత్తో పెట్టిందో అనుకుంది రష్మి. అతను నాక్కున్న వేలినే టిష్యూతో తుడుచుకుంటున్నాడు.

"ఎక్కడికి?" అన్నాడు ఆమె కారు తాళాలు తీసుకుంటుంటే.

"మన కజిన్‌ని చూడటానికి."

---

బెంటన్‌విల్‌లో ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయి. నైనికని త్రివేణి ఇంట్లో దింపి, రష్మి హైవే ఎక్కింది. దేదీప్య చదివే యూనివర్సిటీ ఫేయెట్‌విల్‌లో ఉంది. శని ఆదివారాలు ఎవరో ఒకరి కారులో వచ్చి, రాజీవ్ కేటరింగ్ నడిపే వెన్నెల కిచెన్‌లో ఉల్లిపాయలు కోసి, పార్సిళ్లు కట్టి, గిన్నెలు కడిగి, మళ్లీ ఎవరో ఒకరి కారులో వెళ్లిపోయేది. కూరలు కొనుక్కోవడానికి వచ్చే సాఫ్ట్‌వేర్ వాళ్లకి రాజీవ్ ఆ పిల్లని చూపించి "మా చెల్లెల్లాంటిది" అనేవాడు. వాళ్లు నవ్వేవారు. అందరికీ తెలుసు. రష్మికీ తెలుసు.

అపార్ట్‌మెంట్ తలుపు తీసిన రూమ్‌మేట్ చెప్పులేసుకుని లైబ్రరీకి వెళ్లిపోయింది. మంచం లేదు. నేల మీద పరుపు, గోడకి ఆనుకుని దేదీప్య. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి ఒళ్లో పెట్టుకుని ఉంది.

"అక్కా, మీరెందుకు వచ్చిండ్రు? నాకేం కాలే."

"తిన్నావా?"

"ఎడమ చేత్తోని తింటున్న. అలవాటైతది."

రష్మి తెచ్చిన ఉప్మా డబ్బా కింద పెట్టి, పక్కన కూర్చుంది. "నొప్పి ఎలా ఉంది?"

"నొప్పి లేదక్కా." పిల్ల మొహంలో కాస్త సంతోషం కనిపించింది. "రాత్రి దాకా మంట ఉండె. ఇప్పుడు లేదు. వేళ్లే జర తెలుస్తలేవు."

రష్మి ఆ కట్టు వైపు చెయ్యి చాపింది.

"ఒకసారి చూడనీ."

"వద్దక్కా, కట్టు ఇప్పొద్దన్నరు."

రష్మి వినలేదు. మెల్లగా, పొర మీద పొర విప్పింది. ఆఖరి గుడ్డ తడిగా అతుక్కుని ఉంది. దాని కింద కనిపించిన చర్మం చూసి ఆమె మొహం తిప్పుకోబోయి ఆపుకుంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె చేతుల మీద నూనె చిందని రోజు తక్కువ. నూనె పడితే ఎర్రగా కంది, బొబ్బలు పొంగుతాయి. ఇక్కడ బొబ్బల్లేవు. మణికట్టు నుంచి పైదాకా చర్మం బూడిద రంగులో, నీళ్లలో నానిన సబ్బు ముక్కలా జారుతున్నట్టుంది. అక్కడక్కడ తెల్లటి మచ్చలు. ఏదో వాసన.

"దేదీప్యా, ఇది నూనె కాదు."

పిల్ల విప్పిన గుడ్డని ఎడమ చేత్తో మళ్లీ పైకి లాక్కుంది.

"నాతో చెప్పు. ఏం పడింది?"

కిటికీ బయట ఎవరో కారు స్టార్ట్ చేశారు. ఆ చప్పుడు దూరమయ్యేదాకా దేదీప్య సీలింగ్ వంక చూస్తూ కూర్చుంది.

"సోమవారం ఇన్‌స్పెక్షన్ ఉందట కదా. పొయ్యిల మీద పొగ గుంజే ఎగ్జాస్ట్ హుడ్ జిడ్డు పట్టిందని, కడగమన్నడు రాజీవ్ అన్న. స్టోర్‌రూమ్‌ల పెద్ద డబ్బా ఉంటది చూడు, కాస్టిక్ డీగ్రీజర్, జిడ్డు తీసే మందు. అది కొట్టి గీకుతున్న. గ్లవ్ చినిగి ఉన్నది, నేను చూసుకోలే. చెయ్యి పైకెత్తి కడుగుతుంటే లోపలికి కారింది. ముందు ఏం తెలియలే. జారుడు జారుడుగ అనిపించింది అంతే. తడిగుడ్డతోని తుడుచుకున్న."

"కడుక్కోలేదా?"

"లంచ్ ఆర్డర్లు వచ్చేలోపల అయిపోవాలన్నడు. అయిపోగొట్టిన. తర్వాత మంట మొదలైంది."

"మరి నూనె అని ఎవరు చెప్పమన్నారు?"

జవాబు ఇద్దరికీ తెలుసు. అయినా దేదీప్య పెదవులు తడుపుకుని, తప్పు తనదే అయినట్టు చెప్పింది. "కెమికల్ అంటే ఎక్కడ పనిచేస్తవని అడుగుతరట. అక్కడి నుంచి డైరెక్ట్ ఇమ్మిగ్రేషన్‌కు పోతదట. ఇంట్ల వంట చేస్తుంటే నూనె పడ్డదని చెప్పు, నీ మంచికే అన్నడు. నేనూ అదే నయమనుకున్న."

రష్మికి రోత పుట్టింది. మనిషి చెయ్యి కరిగిపోతుంటే పక్కన నిలబడి, ఏం చెప్పాలో మెత్తగా పాఠం నేర్పి, గేటు దగ్గర దింపి, బిర్యానీ ట్రేలు పట్టుకుని వెళ్లిన మనిషి. రాత్రి అదే మనిషి తన పక్కన పడుకుని హాయిగా గురకపెట్టాడు.

"లే. హాస్పిటల్‌కి వెళ్దాం."

"అక్కా, ప్లీజ్. ఇంకొక్క సెమిస్టర్ ఉంది నాకు."

"కుడిచెయ్యి కూడా ఒక్కటే ఉంది నీకు. వేళ్లు తెలియడం లేదంటున్నావ్."

"మీరు ఏం చెప్పనంటెనే వస్తా. నూనె అనే చెప్తా. నా మీద ఒట్టెయ్యండి."

రష్మి ఒట్టు వెయ్యలేదు. కాదని కూడా అనలేదు. పిల్ల భుజం మీద స్వెటర్ కప్పి, చెప్పులు తానే తొడిగింది.

---

ఫేయెట్‌విల్ హాస్పిటల్ ఎమర్జెన్సీలో వచ్చిన డాక్టర్ నడివయసు ఆవిడ. జుట్టు వెనక్కి బిగించి కట్టుకుని, గ్లవ్స్ తొడుక్కుంటూ ఇంగ్లిషులో అడిగింది, ఏం జరిగిందని.

"హాట్ ఆయిల్. ఇంట్లో వంట చేస్తున్నాను." దేదీప్య గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

డాక్టర్ చేతిని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది. వేలి కొసల మీద సన్నగా గుచ్చింది. దేదీప్య కదల్లేదు.

"నూనేనా?" అంది డాక్టర్.

"అవును."

"ఎప్పుడు?"

"నిన్న."

డాక్టర్ మళ్లీ చూసింది. నర్సు రాసుకుంటోంది. దేదీప్య ఎడమచెయ్యి రష్మి చున్నీ అంచుని పట్టుకుని గట్టిగా లాగుతోంది. వద్దని.

రష్మి ఆ వేళ్లని మెల్లగా విడిపించింది.

"నూనె కాదు," అంది. "కాస్టిక్ ఉన్న క్లీనర్. జిడ్డు వదిలించేది. గ్లవ్ లోపలికి కారింది. తను చెప్పడానికి భయపడుతోంది."

దేదీప్య కళ్లు మూసుకుంది.

ఆ తర్వాత అంతా త్వరత్వరగా జరిగింది. సింకు దగ్గరికి తీసుకెళ్లారు. చేతి మీద నీళ్లు వదిలారు, ఆపకుండా. డాక్టర్ ఒకపక్క పని చేస్తూనే రష్మిని అడిగింది, డబ్బా మీద లేబుల్ ఫోటో ఉందా, ఎంత ఘాటుదో తెలియాలి అని. రష్మి బయటికొచ్చి రాజీవ్‌కి ఫోన్ చేసింది.

"స్టోర్‌రూమ్‌లో డీగ్రీజర్ డబ్బా ఉంటుంది. లేబుల్ ఫోటో తీసి పంపించు. వెంటనే."



"ఎవరడిగారు?" అన్నాడు రాజీవ్. "నువ్వేం చెప్పావ్ రష్మీ?"

"ఫోటో పంపు."

"పారేశాను. నిన్ననే. ఏ హాస్పిటల్‌లో ఉన్నారు?"

ఆమె హాస్పిటల్ పేరు చెప్పి ఫోన్ పెట్టేసి, లోపలికి వెళ్లి, లేబుల్ లేదట అని చెప్పింది. డాక్టర్ తల ఊపి ఊరుకుంది. కాసేపటికి చేతులు తుడుచుకుంటూ దేదీప్య ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"చూడమ్మా, నూనె పడ్డ చోటే కాల్చి ఊరుకుంటుంది. ఇది అలా కాదు. కడిగేసేదాకా లోపలికి తింటూనే పోతుంది. నిన్న నీ మీద క్రీమ్ రాసి దాన్ని లోపలే మూసిపెట్టారు. వాళ్లకి నువ్వు నూనె అని చెప్పావు కాబట్టి. ఇక్కడ మేం చెయ్యగలిగింది తక్కువ. లిటిల్ రాక్‌లో కాలిన గాయాలకి ప్రత్యేకంగా వార్డు ఉంది, అక్కడికి పంపిస్తున్నాను. రెండు వేళ్ల సంగతి వాళ్లు చూసి చెప్పాలి."

"మీరు ఎవరికైనా చెప్తారా?" దేదీప్య అడిగింది. "నేను... నా వీసా..."

డాక్టర్‌కి ఆ ప్రశ్న కొత్తది కానట్టుంది. "నేను ఇమ్మిగ్రేషన్‌కి ఫోన్ చెయ్యను. అది నా పని కాదు. నాకు కావలసింది నీ మీద ఏం పడిందన్నది మాత్రమే."

ఆవిడ వెళ్లిపోయాక గదిలో నీళ్ల చప్పుడే మిగిలింది. దేదీప్య చాలాసేపు ఆ నీళ్లనే చూసింది.

"అయితే నిన్ననే చెప్తే అయిపోవునా అక్కా?"

రష్మి ఆమె భుజం మీద జారిన స్వెటర్ సర్దింది. ఆ పిల్ల ఏడిస్తే బాగుండుననుకుంది. ఏడవలేదు.

---

కారిడార్‌లోకి రాజీవ్ ఒక్కడే రాలేదు. పక్కన పరంధామయ్యగారు. తెలుగు సంఘానికి వెనకటి అధ్యక్షుడు, ఈ ఊళ్లో ఎవరింట్లో ఏ గొడవొచ్చినా పెద్దమనిషిగా పిలిచేది ఆయన్నే. ఇస్త్రీ చొక్కా, చేతిలో పళ్ల బుట్ట.

"ఎలా ఉందమ్మా పిల్లకి?" అన్నాడు.

"వేళ్లు పోవచ్చు అంకుల్."

"అయ్యయ్యో." పళ్ల బుట్ట కుర్చీ మీద పెట్టి, ఆయన కూడా కూర్చున్నాడు. మిగిలిన సంగతికి వచ్చేదాకా ఎక్కువసేపు ఆగలేదు. "ఇలాంటివి మనలో మనం సర్దుకోవాలమ్మా. ఆ అమ్మాయికి చదువైపోగానే ఏదైనా కన్సల్టెన్సీలో చూద్దాం. నేను మాట్లాడతాను. మీ ఇంటికి భోజనానికొచ్చి, నీకు సాయంగా వంటిల్లు కడిగిందంటే సరిపోతుంది. ఇంట్లో జరిగిందానికి ఎవరూ ఏమీ అడగరు."

"మళ్లీ ఇంకో అబద్ధమా అంకుల్?"

"అబద్ధం అనకూడదు. అందరికీ క్షేమమైన దారి." ఆయన రాజీవ్ వంక చూశాడు. రాజీవ్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. "ఒకవేళ అలా కుదరక, కిచెన్ సంగతి బయటపడిందే అనుకో. అప్పుడు రాజీవ్ పేరు ఎక్కడా రాకూడదు. హెచ్‌వన్ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడు. కంపెనీలో ఉద్యోగం తప్ప ఇంకే పనీ చెయ్యకూడదు. ఆ కిచెన్‌లో గరిటె పట్టుకున్నాడన్నా, అదీ పర్మిషన్ లేని పనే. గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది. ఇన్నేళ్ల కష్టం."

"అందుకని?"

"నీకు వర్క్ పర్మిట్ ఉంది కదమ్మా. ఆ పిల్లని నువ్వే పెట్టుకున్నానని, రాజీవ్‌కి తెలియదని అంటే..." ఆయన వాక్యం పూర్తి చెయ్యలేదు. పూర్తి చెయ్యాల్సిన పని లేదన్నట్టు చేతులు తిప్పాడు.

రష్మి మొగుడి వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

"అంకుల్ చెప్పిందే."

"నీ నోటితో చెప్పు రాజీవ్."

అతను తలెత్తాడు. అదే మెత్తటి గొంతు. "పేపర్ మీద ఓనర్‌వి నువ్వే కదా రష్మీ. నేను కొత్తగా చెప్పేదేముంది? నీకు మహా అయితే ఫైన్ వేస్తారు. నాకైతే మొత్తం పోతుంది. నాదంటే మనదే. నైనిక ఫ్యూచర్."

పిల్ల పేరు అతని నోట్లోంచి వచ్చేసరికి రష్మి ఒక అడుగు వెనక్కి వేసింది. పొద్దున ఆ పిల్ల నోటికే అబద్ధం అందించాడు. ఇప్పుడు ఆ పిల్లనే అడ్డం పెట్టుకుంటున్నాడు. తొమ్మిదేళ్లుగా తను చూసిన నెమ్మది ఇదా. ఎవరి చెయ్యి కాలినా గొంతు పెరగకపోవడం.

"లోపలికెళ్లి ఆ పిల్లని ఒక్కసారి చూసి రా," అంది.

రాజీవ్ తలుపు వంక చూశాడు. టైమ్ చూసుకున్నాడు. "సాయంత్రం గృహప్రవేశం ఆర్డర్ ఉంది. అన్నీ అలాగే ఉన్నాయి. తర్వాత వస్తాను."

వెళ్లిపోయాడు. పరంధామయ్యగారు లేచి, ఆమె తల మీద చెయ్యి పెట్టబోయాడు. రష్మి పక్కకి జరిగింది. "ఆలోచించుకో తల్లీ," అని ఆయనా వెళ్లాడు. పళ్ల బుట్ట కుర్చీలోనే ఉండిపోయింది.

---

అంబులెన్స్ వచ్చేసరికి ఎండ ముదిరింది. నైనిక సాయంత్రం దాకా తన దగ్గరే ఉంటుందని త్రివేణి ఫోన్‌లో చెప్పింది. ఎందుకు, ఏమిటి అని అడగలేదు.

"మీరు కూడా వస్తరా అక్కా?" స్ట్రెచర్ మీద నుంచి దేదీప్య అడిగింది. "అంత దూరం?"

"వస్తాను."

"కిచెన్ మీ పేరు మీదనే ఉందట కదా. బయట మీరు మాట్లాడుకున్నది వినబడింది. మీకేమైతది?"

"తెలియదు," అంది రష్మి. నిజంగానే తెలియదు.

దేదీప్యని లోపలికి ఎక్కిస్తుంటే రష్మికి లేబుల్ సంగతి గుర్తొచ్చింది. లిటిల్ రాక్‌లో కూడా అడుగుతారు. రాజీవ్ పారేశానన్నాడు గానీ, కనీసం ఆ మందు పేరైనా కిచెన్‌లో ఎవరో ఒకరు చెప్పకపోరు. కిచెన్ నంబర్ నొక్కింది.

"వెన్నెల కిచెన్, చెప్పండి." కొత్త గొంతు. ఆడపిల్ల.

"ఎవరు మాట్లాడేది?"

"మైత్రి అండీ. ఇవాళే జాయినయ్యాను."

"నేను రష్మిని."

"ఓ, అక్కా. నమస్తే. రాజీవ్ అన్నయ్య పొద్దున ఫోన్ చేసి రమ్మన్నారు. నేను దేదీప్య జూనియర్‌ని."

"వర్క్ పర్మిట్ ఉందా మైత్రీ నీకు?"

"లేదక్కా. ఏం పర్లేదన్నారు అన్నయ్య. మా చెల్లెల్లాంటిదానివే అన్నారు."

"ఇప్పుడేం చేస్తున్నావ్?"

"హుడ్ కడుగుతున్నానక్కా. సగం మిగిలిపోయిందట. డబ్బాలో మందు ఇంకా ఉంది, దాంతోనే..."

"ఆపెయ్. ఆ మందు ముట్టుకోకు. చేతులు కడుక్కో, ఎక్కువ నీళ్లతో, మోచేతుల దాకా. గ్లవ్స్ తీసేసి, స్టవ్‌లు ఆర్పేసి, బయటికి వచ్చెయ్. విన్నావా?"

"అన్నయ్య తిడతారేమో అక్కా."

"తిట్టడు. అతనెవర్నీ తిట్టడు. నేను చెప్పినట్టు చెయ్."

ఫోన్‌లో తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎవరో ఏదో అడిగారు. మైత్రి గొంతు తగ్గించింది. "అన్నయ్య వచ్చారు అక్కా. ఫోన్ ఇమ్మంటున్నారు."

"ఇవ్వకు. ముందు చేతులు..."

లైన్ తెగిపోయింది.

మళ్లీ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. రాజీవ్ ఫోన్‌కి చేసింది. అతను కట్ చేశాడు. వెంటనే మెసేజ్ వచ్చింది: బిజీ, లేటర్. పక్కన దణ్ణం పెట్టే బొమ్మ.

"మేడమ్, వస్తున్నారా?" వెనక తలుపు పట్టుకుని అంబులెన్స్ అతను అడిగాడు. లోపల దేదీప్య తల పైకెత్తి ఆమె వంకే చూస్తోంది. ఇక్కడి నుంచి కిచెన్ పక్క ఊరే. లిటిల్ రాక్ మూడు గంటల ప్రయాణం. ఒక పిల్లకి మాటిచ్చింది. ఇంకో పిల్ల అక్కడ నిలబడి ఉంది.

తను ఇప్పుడు ఎవరిని పిలిచినా మైత్రి పేరు బయటపడుతుంది. తన పేరూ పడుతుంది. పిలవకపోతే ఏమవుతుందో పొద్దున కట్టు విప్పి చూసింది.

రష్మి అంబులెన్స్ ఎక్కి దేదీప్య పక్కన కూర్చుంది. తలుపు మూసుకుంది. బండి కదులుతుండగా మళ్లీ ఫోన్ తీసి, ఈసారి ఎమర్జెన్సీ నంబర్, మూడే అంకెలు, నొక్కింది. బెంటన్‌విల్‌లో వంటగది అని, కాస్టిక్ మందు అని, లోపల ఒక అమ్మాయి ఉందని చెప్పింది. అడ్రస్ చెప్పింది.

అటునుంచి ఆడగొంతు నిదానంగా అడిగింది, ఫోన్ చేస్తున్నది ఎవరని.

దేదీప్య ఊపిరి బిగబట్టి చూస్తోంది.

"నేను ఆ కిచెన్ ఓనర్‌ని," అంది రష్మి.